పేటెంటు ఫారం వెనక చట్టం: ఆలోచన పుట్టిన రోజు నుంచి రెన్యువల్ దాకా

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఒక మెకానిక్ మా ఇంటికి వచ్చారు. చేతిలో పెళ్లికార్డు ఉంది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చారనుకుని అందుకున్నాను. వెనక్కి తిప్పితే బాల్‌పెన్నుతో గీసిన బొమ్మ: ఒక చట్రం, మధ్యలో రోలరు, రోలరు మీద వరుసగా రబ్బరు వేళ్లు, పక్కన సైకిల్ చెయిన్. పచ్చి పల్లి చెట్టు నుంచి కాయ తెంపే మిషన్ అది. "దీనికి పేటెంట్ చేయిద్దాం సార్" అన్నారు. ఎవరికైనా చూపించారా అని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. "చూపించిన సార్, ఎగ్జిబిషన్‌ల పెట్టిన. ఫస్ట్ ప్రైజు వచ్చింది. వీడియో గూడ ఉంది" అని ఫోన్ తీశారు. చెయిన్ కవరు విప్పేసి, లోపల ఏది ఎలా తిరుగుతుందో ఒక్కొక్కటీ వేలు పెట్టి ఆయనే చూపిస్తున్న వీడియో. అప్‌లోడ్ చేసి అప్పటికి పద్నాలుగు నెలలు.

ఆ మిషన్‌కు ఇక పేటెంటు రాదని చెప్పడానికి నాకు గంట పట్టింది. ఎవరూ ఆయన్ని మోసం చేయలేదు. కానీ ఆ ప్రదర్శన పెట్టినవాళ్లు ముందు దరఖాస్తు వేసుకోండి అని ఒక్క మాట చెప్పలేదు. అప్పటినుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా ఫారాల కంటే ముందు సెక్షన్లు చెబుతున్నాను. పేటెంటు ఫారంలో ప్రతి గడికీ వెనక పార్లమెంటు రాసిన ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఎందుకు రాశారో తెలిస్తే గడువులు వాటంతటవే గుర్తుంటాయి.

ముందు ఇది తెలుసుకోండి: చట్టం, రూల్స్, మాన్యువల్

మన పేటెంటు వ్యవస్థ మూడు అంతస్తుల ఇల్లు. పునాది 1970 నాటి పేటెంట్ల చట్టం. అమల్లోకి వచ్చింది 1972 ఏప్రిల్ 20న. దేనికి పేటెంటు ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు, ఎన్నేళ్లు ఇవ్వాలి అన్నవి ఇక్కడే ఉంటాయి. వీటిని మార్చాలంటే పార్లమెంటే మార్చాలి. దాని మీద 2003 నాటి పేటెంట్ల రూల్స్. ఫారాలు, రుసుములు, చాలా గడువులు వీటిలో ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో మార్చేస్తుంది. పైన పేటెంటు ఆఫీసులకు అధిపతి అయిన కంట్రోలర్ జనరల్ కార్యాలయం వెలువరించే మాన్యువల్, మార్గదర్శకాలు. అవి దరఖాస్తుల్ని పరీక్షించే ఎగ్జామినర్లకు దారి చూపుతాయి, కానీ చట్టం కంటే పెద్దవి కావు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పాత సమాచారం వల్ల మునిగిపోయేది ఎక్కువగా రెండో అంతస్తులోనే. దరఖాస్తును పరీక్షించమని ఆఫీసును కోరడానికి 48 నెలల గడువు అని ఇప్పటికీ చాలాచోట్ల రాసి ఉంటుంది. 2024 మార్చి 15 నుంచి రూల్స్ మారాయి. ఆ తేదీ నుంచి వేసిన దరఖాస్తులకు గడువు 31 నెలలే. స్నేహితుడు ఐదేళ్ల కిందట ఎలా చేశాడో అడిగి అలాగే చేస్తే దరఖాస్తు పోతుంది.

మొదటి మెట్టు: నోరు కట్టేసుకోండి

చట్టం దృష్టిలో ఆవిష్కరణ అంటే కొత్తదై ఉండాలి, అందులో ముందడుగు ఉండాలి, పరిశ్రమలో వాడటానికి పనికిరావాలి. కొత్తది అన్న మాటను చట్టం చాలా కఠినంగా చూస్తుంది. మీరు దరఖాస్తు వేసే తేదీకి ముందు ప్రపంచంలో ఎక్కడైనా ప్రచురితమై ఉంటే అది కొత్తది కాదు. ప్రచురించింది మీరే అయినా సరే. వీడియో, కాలేజీ మ్యాగజైన్, పత్రికలో ఫొటోతో కథనం, ఏదైనా అంతే.

సెక్షన్ 31లో ఒక మినహాయింపు ఉంది. ప్రదర్శనలో పెట్టినా, విద్వత్ సంఘం ముందు పత్రం చదివినా 12 నెలల్లోపు దరఖాస్తు వేస్తే కొత్తదనం పోదు. కానీ ఆ ప్రదర్శన కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఈ సెక్షన్ కిందికి తెచ్చినదై ఉండాలి. కాలేజీల్లో, మండలాల్లో జరిగే మేళాలు అందులోకి రావు. మా మెకానిక్ ప్రదర్శన కూడా రాలేదు. వచ్చినా 12 నెలలు దాటిపోయాయి. 2024 రూల్స్‌తో ఈ మినహాయింపు కోరడానికి 31వ నంబరు ఫారం పెట్టారు. దాని మీద ఆధారపడకండి. అది కాలు జారినవాడికి అందే తాడు మాత్రమే.

ఎవరికైనా చూపించక తప్పదంటే, లేత్ వర్క్‌షాప్ వాళ్లకో, పెట్టుబడి పెట్టేవాళ్లకో, గోప్యత ఒప్పందం రాయించుకుని సంతకం తీసుకుని చూపించండి.

రెండో మెట్టు: మీ ఆలోచన చట్టం గడప దాటుతుందా?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. శాసనం పేటెంటును ఎలా మలుస్తుందో అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

1911 నాటి బ్రిటిష్ కాలపు చట్టంలో మందు పదార్థానికి కూడా పేటెంటు ఇచ్చేవారు. స్వతంత్రం వచ్చాక కూడా పేటెంట్లలో ఎక్కువ విదేశీ కంపెనీల చేతిలోనే ఉండేవి, మందుల ధరలు సామాన్యుడికి అందేవి కావు. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ కమిటీ 1959లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగానే 1970 చట్టం వచ్చింది. మందు, ఆహారం విషయంలో పదార్థానికి పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇస్తాం అని పార్లమెంటు నిర్ణయించింది. అదే మందును వేరే దారిలో తయారుచేస్తే తప్పు లేదన్నమాట. 1961లో ఏర్పాటైన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ తన కర్మాగారంతో హైదరాబాద్‌లో కెమిస్టులను తయారుచేసింది. ఈ చట్టం వాళ్లకు దారి తెరిచింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. జీడిమెట్ల మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఆ చట్టమే గుర్తొస్తుంది.

1995లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక మేధో సంపత్తి హక్కుల మీద ఉన్న ట్రిప్స్ ఒప్పందం ప్రకారం చట్టం మార్చక తప్పలేదు. 1999, 2002, 2005లో మూడు సవరణలు వచ్చాయి. అన్ని పేటెంట్లకూ 20 ఏళ్ల కాలపరిమితి రెండో సవరణతో వచ్చింది. 2005 జనవరి 1 నుంచి మందు పదార్థానికీ పేటెంటు మొదలైంది. కానీ అదే సవరణలో పార్లమెంటు సెక్షన్ 3(డి)కి పదును పెట్టింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం కనిపెట్టినంత మాత్రాన పేటెంటు రాదు, దాని సామర్థ్యం చెప్పుకోదగ్గంత పెరగాలి. నోవార్టిస్ క్యాన్సర్ మందు గ్లివెక్ స్ఫటిక రూపానికి పేటెంటు అడిగితే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే తోసిపుచ్చింది.

సెక్షన్ 3 మొత్తం ఇలాంటి గడపే. మీకు తగిలే అవకాశమున్నవి చెబుతాను. సాగు పద్ధతికి పేటెంటు లేదు. సాగుకు వాడే పనిముట్టుకు ఉంది. అందుకే పల్లి ఎలా వేయాలో చెబితే రాదు, కాయ తెంపే మిషన్‌కు వస్తుంది. రోగికి చేసే చికిత్స పద్ధతికి లేదు. చికిత్సకు వాడే పరికరానికి ఉంది. మొక్కలకూ విత్తనాలకూ లేదు. కొత్త వంగడాలకు 2001లో వేరే చట్టమే తెచ్చారు. మన సంప్రదాయ విజ్ఞానానికి లేదు. పసుపు గాయాన్ని మాన్పుతుందని 1995లో అమెరికాలో ఒక పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ అనుభవం తర్వాతే 2002 సవరణలో సెక్షన్ 3(పి) చేరింది. కాబట్టి నానమ్మ చెప్పిన కషాయాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లకండి.

యాప్ చేసినవాళ్లు ఎప్పుడూ అడిగేది సెక్షన్ 3(కె). కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు దానంతట దానికే పేటెంటు లేదు. 2004 చివర్లో ఆర్డినెన్స్‌తో ఈ తలుపు కొంచెం తెరవాలని ప్రభుత్వం చూసింది. 2005లో చట్టం చేసేటప్పుడు ఆ మార్పును వదిలేసింది. అయితే సాఫ్ట్‌వేర్ వల్ల సాంకేతికమైన ఫలితం వస్తే, ప్రోగ్రామ్ ఉందన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 2019లో ఫరీద్ అల్లాని కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆర్డర్లు తీసుకునే యాప్‌కు ఆశ లేదు. మోటారు పంపు కాలిపోకుండా కరెంటు హెచ్చుతగ్గుల్ని పసిగట్టే పరికరంలో ప్రోగ్రామ్ ఉంటే ఆశ ఉంది.

ముందడుగు గురించి కూడా ఒక మాట. ఇత్తడి పాత్రల్ని లేత్ మీద పట్టి ఉంచే పద్ధతికి సంబంధించిన కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిన కొలత ఇప్పటికీ నడుస్తోంది. ఆ పని తెలిసిన మేస్త్రీ రోజువారీ పనిలో భాగంగా చేసుకోగల మార్పు ఆవిష్కరణ కాదు. మీ వీధిలో మంచి పనివాణ్ని ఊహించుకోండి. సమస్య చెప్పగానే ఆయన ఇదే చేస్తాడా? చేస్తాడనిపిస్తే ఇంకా పని ఉంది.

మూడో మెట్టు: వెతకండి

ఇన్‌పాస్‌లో మన దేశపు పేటెంట్లు, పేటెంట్‌స్కోప్, ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్ వెబ్‌సైట్లలో ప్రపంచపు పేటెంట్లు ఉచితంగా చూడొచ్చు. మీ వస్తువు పేరుతో కాకుండా అది చేసే పనితో వెతకండి. కనీసం వారం పెట్టండి. దగ్గరగా ఉన్న మూడు నాలుగు పత్రాలు దొరికితే ప్రింటు తీసి, మీది వాటికంటే ఎక్కడ వేరో ఎర్ర పెన్నుతో రాసుకోండి. తర్వాత క్లెయిమ్‌లు (ఏ మేరకు హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలు) రాసేటప్పుడు ఆ ఎర్ర గీతలే పెట్టుబడి.

నాలుగో మెట్టు: తేదీ సంపాదించుకోండి

పని ఇంకా పూర్తికాకపోతే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణను వివరించే తాత్కాలిక పత్రం వేయండి. సెక్షన్ 9 ప్రకారం 12 నెలల్లోపు పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. ప్రొవిజనల్‌లో క్లెయిమ్‌లు అక్కర్లేదు, కానీ రెండు పేరాలు రాసి ఊరుకోకండి. అందులో వివరించని సంగతికి ఆ తేదీ వర్తించదు.

ఫారం 1 దరఖాస్తు. ఫారం 2 స్పెసిఫికేషన్. విదేశాల్లో కూడా వేస్తే వాటి వివరాలకు ఫారం 3. ఆవిష్కర్త ఎవరో చెప్పే ఫారం 5. ఏజెంటును పెట్టుకుంటే ఫారం 26. స్టార్టప్ లేదా చిన్న సంస్థ అయితే ఫారం 28. అన్నీ ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పత్రాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలని 9వ రూలు చెబుతోంది. తెలుగులో ఆలోచించేవారికి ఇది నిజంగా భారమే. నేనైతే మొత్తం ముందు తెలుగులో రాయించి, ఆవిష్కర్త చదివి సరే అన్నాకే ఇంగ్లిష్‌లోకి మారుస్తాను. లేకపోతే ఆయన మిషన్ ఒకటి, కాగితంలో మిషన్ ఇంకొకటి అవుతుంది.

వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము రూ.1,600, ఇతరులకు రూ.8,000. 2021 సవరణతో విద్యాసంస్థలకూ తక్కువ రుసుమే. 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు దాటితే అదనం.

ఫారం 1లో పేర్ల దగ్గర ఆగి ఆలోచించండి. సెక్షన్ 6 ప్రకారం దరఖాస్తు హక్కు నిజమైన తొలి ఆవిష్కర్తది, లేదా ఆయన రాసిచ్చినవారిది. ప్రాజెక్టు చేసిన విద్యార్థి పేరు వదిలేసి పెద్దవాళ్ల పేర్లు మాత్రమే పెట్టడం తప్పు. హక్కు కాలేజీకి రాసిచ్చినా ఆవిష్కర్తగా పిల్లల పేరు ఉండాల్సిందే.

ఐదో మెట్టు: స్పెసిఫికేషన్, క్లెయిమ్‌లు

పేటెంటు అంటే ఇచ్చిపుచ్చుకోవడం. మీ గుట్టు లోకానికి విప్పి చెబితే 20 ఏళ్లు దాని మీద ప్రత్యేక హక్కు ఇస్తామంటుంది ప్రభుత్వం. అందుకే సెక్షన్ 10 ప్రకారం మీకు తెలిసినవాటిలో అత్యుత్తమ పద్ధతినే రాయాలి. అసలు కిటుకు దాచుకుని మిగతాది రాస్తే తర్వాత పేటెంటే రద్దు కావచ్చు. మొక్క, సూక్ష్మజీవి లాంటి జీవపదార్థం వాడితే అది ఎక్కడినుంచి వచ్చిందో రాయాలి. మన దేశపు జీవ వనరైతే జీవవైవిధ్య చట్టం కింద చేయాల్సిన పని వేరే ఉంటుంది.

ఇక క్లెయిమ్. మీ పొలానికి గట్టు ఎలాగో పేటెంటుకు క్లెయిమ్ అలాగ. మొదటిసారి రాసేవాళ్లు దాదాపు ఇలా రాస్తారు:

"పల్లికాయల్ని వేగంగా, తక్కువ ఖర్చుతో తెంపే యంత్రం."

ఇది కోరిక. ఇందులో యంత్రం లేదు. ఇలా రాసి చూద్దాం (ఇది ఉదాహరణ కోసం నేను అల్లింది, మా మెకానిక్ గుట్టు ఇందులో లేదు):

"ఒక చట్రం, చట్రంపై అడ్డంగా అమర్చిన తిరిగే రోలరు, రోలరుపై వరుసలుగా బిగించిన సాగే గుణమున్న వేళ్లు, వాటికి ఎదురుగా ఉన్న జల్లెడ పళ్లెం గల యంత్రం, కాయ పరిమాణాన్ని బట్టి వేళ్లకూ పళ్లేనికీ మధ్య దూరాన్ని దానంతటదే సర్దే స్ప్రింగు పట్టీ ఉండటం దీని ప్రత్యేకత."

రబ్బరు వేళ్లు అనకుండా సాగే గుణమున్న వేళ్లు అన్నాను చూడండి. రబ్బరు అని రాస్తే పక్కవాడు సిలికాన్ పెట్టి తప్పించుకుంటాడు. చివరి భాగంలో ఉన్న స్ప్రింగు పట్టీయే మూడో మెట్టులో ఎర్ర పెన్నుతో గీసుకున్న తేడా. తర్వాతి క్లెయిమ్‌లో "1వ క్లెయిమ్‌లో చెప్పిన యంత్రం; అందులో రోలరు కాలి పెడలుతో తిరుగుతుంది" అని సన్నగా దిగుతూ పోవచ్చు. పెద్ద గట్టు తెగినా లోపలి గట్టు నిలబడుతుంది.

పూర్తి స్పెసిఫికేషన్ వేశాక కొత్త విషయం చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. తగ్గించుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు, అంతే. ఇంతవరకు నేను చూసిన నష్టాల్లో సగం ఇక్కడివే.

ఆరో మెట్టు: ప్రచురణ, పరీక్ష

దరఖాస్తు 18 నెలలకు ప్రచురితమవుతుంది. తొందరగా కావాలంటే ఫారం 9 వేయండి. పరీక్ష మాత్రం అడిగితేనే జరుగుతుంది. ఫారం 18, రుసుము వ్యక్తులకు రూ.4,000, గడువు ముందే చెప్పిన 31 నెలలు. మహిళా దరఖాస్తుదారు ఉన్నా, స్టార్టప్, చిన్న సంస్థ అయినా ఫారం 18ఎ వేసి త్వరితగతి పరీక్ష కోరవచ్చు.

అభ్యంతరాలతో వచ్చే మొదటి పరీక్షా నివేదిక చూసి చాలామంది టెన్షన్ పడతారు. అభ్యంతరాలు లేకుండా వచ్చే నివేదిక అరుదు. ఒక్కొక్క అభ్యంతరానికీ విడిగా జవాబు రాయండి. ఎగ్జామినర్ చూపిన పాత పత్రంలో మీ ప్రత్యేకత ఎక్కడ లేదో పేరా నంబరుతో సహా చూపించండి. జవాబుకు ఆరు నెలలు, ముందే కోరితే ఇంకో మూడు. ఆ తేదీ దాటితే దరఖాస్తు పోయే ప్రమాదం ఉంది. ఆఫీసు మెయిల్ స్పామ్‌లో పడి ఇలా దరఖాస్తు పోగొట్టుకున్న ఇద్దరు నాకు తెలుసు. వారానికోసారి వెబ్‌సైట్‌లో స్థితి చూసుకోండి.

ప్రచురణ తర్వాత, మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రోగుల సంఘాలు మందుల పేటెంట్లను ఆపింది ఈ సెక్షన్ 25(1) తోనే. 2024 రూల్స్ దీనికి రుసుము పెట్టాయి, ముందుగా వడపోత కూడా పెట్టాయి. తలుపు సన్నబడిందని నా బాధ. మంజూరయ్యాక ఏడాదిలోపు, ఆ విషయంలో ప్రయోజనం ఉన్నవారు వ్యతిరేకించవచ్చు. తిరస్కరిస్తే అప్పీలు ఇప్పుడు హైకోర్టుకే. అంతకుముందున్న అప్పీలు బోర్డును 2021లో రద్దు చేశారు.

విదేశాలకు వెళ్లేవారికి

అమెరికాలో కొడుకో కూతురో ఉన్నారు, అక్కడే నేరుగా వేద్దామనుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆగండి. సెక్షన్ 39 ప్రకారం భారత్‌లో నివసించేవారు ముందు ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ముందస్తు అనుమతి తీసుకోవాలి. మీరితే ఇక్కడి దరఖాస్తు పోతుంది, జైలుశిక్ష దాకా ఉంది. ఇక్కడ వేసిన 12 నెలల్లోపు విదేశాల్లో కూడా వేస్తే అక్కడా ఇదే తేదీ నిలుపుకోవచ్చు. భారత పేటెంటు భారత్‌లోనే చెల్లుతుంది.

ఏడో మెట్టు: నిలబెట్టుకోవడం

మూడో ఏడాది నుంచి రెన్యువల్. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 3 నుంచి 6 ఏళ్లకు ఏటా రూ.800, 7 నుంచి 10కి రూ.2,400, 11 నుంచి 15కి రూ.4,800, 16 నుంచి 20కి రూ.8,000. మొత్తం రూ.76,800. కనీసం నాలుగేళ్లవి ఒకేసారి ముందుగా ఆన్‌లైన్‌లో కడితే 10 శాతం తగ్గింపు. కట్టడం మరిచిపోతే ఆరు నెలల అదనపు గడువు. అదీ దాటితే హక్కు ఆగిపోయిన తేదీ నుంచి 18 నెలల్లోపు పునరుద్ధరణ కోరవచ్చు.

పేటెంటు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం మన చట్టానికి ఇష్టం లేదు. వాడుకలో పెట్టారా లేదా అని ఫారం 27లో చెప్పాలి. ఇదివరకు ఏటా, ఇప్పుడు మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి. మంజూరైన మూడేళ్లకు సెక్షన్ 84 కింద ఆ విషయంలో ప్రయోజనం ఉన్నవారు కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, అడగవచ్చు. బేయర్ కంపెనీ నెక్సావర్ మందు నెలకు రూ.2,80,428 ఉంటే, హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో చాలా తక్కువకే ఇస్తామని అడిగింది. 2012 మార్చి 9న కంట్రోలర్ నెలకు రూ.8,880 మించకూడదని లైసెన్సు ఇచ్చారు, అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ కట్టమన్నారు. ఈ సెక్షన్ కింద దేశంలో ఇచ్చిన తొలి లైసెన్సు అది. వాడకం గురించి ఫారం 27లో అడిగే ప్రశ్న వెనక ఉన్నది ఇదే.

మా మెకానిక్ ఊరుకోలేదు. తడి మట్టి అంటుకున్న కాయ రోలరులో ఇరుక్కోకుండా కొత్త ఏర్పాటు ఒకటి కనిపెట్టారు. పాత వీడియోలో అది లేదు. ఈసారి పెళ్లికార్డు మీద కాకుండా తెల్ల కాగితం మీద గీసి, మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చారు. ప్రొవిజనల్ వేశాం. 12 నెలల గడువు ముగిసే తేదీని ఆయన తన షెడ్డు తలుపు మీద సుద్దతో పెద్దగా రాసుకున్నారు.